బంగారు కొండముచ్చు – ముగా శలభం

అస్సాంలో బంగారు వన్నె గల వానరం ఒకటి ఉంది. అదే నేలలో బంగారు వన్నె దారాన్నిచ్చే శలభమూ ఉంది. రెండింటికీ చెట్టే ఆధారం. కాని మానవుడు ఆ రెండింటినీ ఆదరించిన తీరు ఒక్కటి కాదు.

బంగారు కొండముచ్చు పశ్చిమ అస్సాంలోను, దానిని ఆనుకొని ఉన్న భూటాన్‌లోను తప్ప మరెక్కడా సహజంగా కనిపించదు. తూర్పున మానస్, పడమట సంకోశ్, దక్షిణాన బ్రహ్మపుత్ర దాని నివాసానికి ఎల్లలు. 1953లో ఇ.పి. గీ అనే ప్రకృతి పరిశీలకుడు దీనిని గమనించి లోకానికి తెలిపాడు. 1956లో ఖజూరియా అనే శాస్త్రజ్ఞుడు గీ పేరు మీదుగా దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. 2024లో వెలువడిన అంచనా ప్రకారం మన దేశంలో వీటి సంఖ్య 7,396. ఈ అంకెను చూసి ఊరట చెందడానికి వీలులేదు. రోడ్లు, పొలాలు, ఊళ్లు అడవిని ముక్కలు చేశాయి. కొమ్మ నుంచి కొమ్మకు దూకి బ్రతికే ఈ ప్రాణి, కొమ్మ అందనిచోట నేలకు దిగక తప్పదు. దిగితే వాహనాలు, కుక్కలు. దిగకుండా తీగ పట్టుకుంటే విద్యుత్తు. పైగా ఒక కాన్పుకు సాధారణంగా ఒకే పిల్ల. కనుక పోయిన ప్రాణానికి బదులు త్వరగా రాదు.

ముగా శలభం సంగతి వేరు. ఇది తెలుగువారెరిగిన దసలి పట్టుపురుగుకు దగ్గరి చుట్టం. మల్బరీ పట్టుపురుగు వలె ఇంట తట్టలలో గాక, ఆరుబయట సోమ్, సువాలు చెట్లపై పెరుగుతుంది. రెక్కలు వచ్చిన శలభానికి ఆహారం తినే నోరు ఉండదు. అది జీవించేది కొద్ది దినాలే. అయితేనేమి, ఆడ శలభం నూటికి మించి గుడ్లు పెడుతుంది. ఏడాదికి ఐదారు తరాలు గడుస్తాయి.

ఒక చెట్టు ఆకులు అయిపోగానే గొంగళిపురుగులు మ్రాను వెంట క్రిందికి దిగుతాయి. అక్కడ కాచుకొని ఉన్న రైతు వాటిని వెదురు జల్లెడలోకి చేర్చి, వేరొక చెట్టుకు తగిలిస్తాడు. పక్షులను తోలుతాడు. పురుగుకు ఈ విధంగా చెట్టు మార్చే చేయి దొరికింది. కొండముచ్చుకు మాత్రం రోడ్డుపై తాళ్ల వంతెన కట్టే ఆలోచన ఆలస్యంగా, అదీ అక్కడక్కడే కలిగింది. కారణం వెదకనక్కరలేదు. ఒకటి పట్టునిస్తుంది, 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన పట్టు. రెండవది మానవునికి ఏమీ ఇవ్వదు, ఇవ్వవలసిన పని కూడా లేదు.

అంత కాపలా ఉన్నా ముగాకు పూర్తి రక్షణ లేదు. తేయాకు తోటలలో చల్లిన పురుగుమందు గాలికి కొట్టుకువచ్చి సోమ్ ఆకులపై పడితే, వాటిని తిన్న పురుగులు చనిపోతాయి. అందుచేత ఆ తోటల సమీపాన ముగా పెంపకం రైతుకు కష్టమైపోతున్నది.