తండ్రి ఉన్నా సంతకం లేని పిల్లలు
(కుటుంబ విచ్ఛిన్నం - పిల్లల మనసు, చదువు)

ప్రతి ఏటా జూన్ నెలలో స్కాలర్‌షిప్ దరఖాస్తులు పరిశీలించే పనిలో ఒక ఉపాధ్యాయుడిగా నేనూ కూర్చుంటాను. ఫారంలో ఒక గడి ఉంటుంది: తండ్రి పేరు, ఆదాయం, సంతకం. ఒక ఏడాది ఏడో తరగతి అమ్మాయి ఆ గడి ఖాళీగా వదిలి తెచ్చింది. "అబ్బా లేరా బేటీ?" అని అడిగాను. "ఉన్నారు సార్. మా ఇంట్లో లేరు" అంది.

తండ్రి మరణ ధ్రువపత్రం ఉంటే యతీముల జాబితాలో రాసేవాళ్ళం. సంతకం ఉంటే పేద విద్యార్థుల జాబితాలో రాసేవాళ్ళం. రెండూ లేవు కనుక ఆ దరఖాస్తు పక్కన పెట్టాం. దసరా సెలవుల తర్వాత ఆ అమ్మాయి బడికి రాలేదు. లోపం ఆ బిడ్డలో లేదు, మా ఫారంలో ఉంది. అందుకే ఈ విషయం సోదర సోదరీమణుల ముందు పెట్టదలచాను.

పిల్లల మనసులో ఏం జరుగుతుంది?

తల్లిదండ్రులు విడిపోవడం పెద్దలకు ఒక నిర్ణయం. పిల్లలకు మాత్రం అది ఎవరూ వివరించని సంఘటన. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు తల్లి కొంగు వదలరు, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవుతుంది. ఆరు నుంచి పదేళ్ళ పిల్లలు తప్పును తమ మీద వేసుకుంటారు. "నేను అల్లరి చేశాననే అబ్బా వెళ్ళిపోయారు" అనుకుంటారు. బడికి వెళ్ళే వేళకు కడుపునొప్పి అంటారు. అది నటన కాదు, భయం శరీరంలో చూపే లక్షణం. పదకొండు దాటిన పిల్లలు రెండు దారుల్లో ఒకటి పడతారు. కొందరు కోపంతో ఎదురు తిరుగుతారు. మరికొందరు మౌనంగా ఇంటి బరువు ఎత్తుకుంటారు. ఈ రెండో రకం పిల్లల్ని మనం 'బుద్ధిమంతులు' అని మెచ్చుకుని వదిలేస్తాం. నిజానికి ఎక్కువ జాగ్రత్తగా చూడవలసింది వాళ్ళనే.

చదువు ఎక్కడ తెగుతుంది?

మొదట ఇల్లు మారుతుంది. విద్యా సంవత్సరం మధ్యలో తల్లి పిల్లలతో పుట్టింటికి చేరుతుంది. పాత బడిలో ఫీజు బకాయి ఉంటే టీసీ ఇవ్వరు. అది లేదని కొత్త బడివారు చేర్చుకోరు. అలా రెండు మూడు నెలలు గడిచేసరికి పిల్లవాడికి లెక్కల్లో భిన్నాలు, ఇంగ్లీషులో పాఠాలు జారిపోతాయి. వెనుకబడినవాడికి తరగతి అంటే సిగ్గు. సిగ్గుపడినవాడు గైర్హాజరవుతాడు. తల్లి కుట్టుపనికో ఇళ్ళల్లో పనికో వెళితే పెద్ద కూతురు తమ్ముళ్ళను చూసుకోవడానికి ఇంట్లో ఆగుతుంది. పెద్ద కొడుకు మెకానిక్ షెడ్డులోనో పండ్ల బండి దగ్గరో చేరతాడు. ఆ కుటుంబంలో చదువు ఒక్కరోజులో ఆగదు, ఇలా మెట్టుమెట్టుగా దిగిపోతుంది.

కడప, రాయచోటి ప్రాంతాల్లో దీనికి మరో రూపం ఉంది. అక్కడి నుంచి తండ్రులే కాదు, తల్లులు కూడా కువైట్‌కు ఇంటిపనికి వెళ్తారు. విడాకులు లేకుండానే కుటుంబం మూడు చోట్లకు చీలుతుంది. పిల్లలు నానీ దగ్గర పెరుగుతారు. డబ్బు వస్తుంది గానీ, ప్రోగ్రెస్ కార్డు చూసి ఒక మాట అనే మనిషి ఉండరు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

అమెరికాలో పాల్ అమాటో, బ్రూస్ కీత్ అనే పరిశోధకులు 92 అధ్యయనాలను కలిపి 1991లో విశ్లేషించారు. విడిపోయిన తల్లిదండ్రుల పిల్లలు చదువులో, ప్రవర్తనలో, ఆత్మవిశ్వాసంలో సగటున కొంత వెనుకబడ్డారు. అయితే ఆ తేడా మనం అనుకునేంత పెద్దది కాదని కూడా తేలింది. మేవిస్ హెథరింగ్టన్ దాదాపు 1,400 కుటుంబాలను ఏళ్ళ తరబడి గమనించారు. విడిపోయిన కుటుంబాల్లో నలుగురు పిల్లల్లో సుమారు ఒకరికి తీవ్రమైన ఇబ్బందులు కనిపించాయి. కలిసి ఉన్న కుటుంబాల్లో ఇది పదిమందిలో ఒకరు.

అంటే ముగ్గురు నిలదొక్కుకుంటున్నారు. నాలుగో బిడ్డను పడగొట్టేవాటిలో ముఖ్యమైనవి: ఆగని తగాదా, పడిపోయిన రాబడి, పదే పదే ఇల్లూ బడీ మారడం, ఒంటరి తల్లి అలసట. వీటిలో ప్రతిదాన్నీ తగ్గించవచ్చు. ఇంకో మాట కూడా చెప్పాలి. రోజూ కొట్లాట, దెబ్బలు ఉన్న ఇంట్లో 'పిల్లల కోసం' కలిసి ఉండటం పిల్లలకు మేలు చేయదు.

షరీఅత్ పెట్టిన బాధ్యత

దివ్య ఖుర్ఆన్‌లోని బఖరా సూరా పాలు తాగే బిడ్డ విషయంలో తల్లి పోషణ భారాన్ని తండ్రిపై పెట్టింది. బిడ్డను అడ్డం పెట్టుకుని తల్లిని గానీ తండ్రిని గానీ వేధించరాదని హెచ్చరించింది. పాలు మాన్పించడం వంటి చిన్న విషయాన్ని కూడా ఇద్దరూ సంప్రదించుకుని చేయమంది. నిసా సూరా దంపతుల మధ్య తగవు ముదిరితే ఇరువైపుల నుంచి ఒక్కొక్క మధ్యవర్తిని పెట్టమంది.

హనఫీ ఫిఖ్హ్‌లో సాధారణంగా కొడుకు ఏడేళ్ళ వరకు, కూతురు యుక్తవయసు వరకు తల్లి దగ్గర ఉంటారు. తల్లి తర్వాత ఆ హక్కు నానీది. బిడ్డ ఎవరి దగ్గర పెరిగినా ఖర్చు తండ్రిదే. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. సొంత బిడ్డ ఫీజు కట్టి దాన్ని జకాత్ లెక్కలో వేసుకోకూడదు. అది నఫఖా, అంటే తండ్రి తీర్చవలసిన విధి.

చట్టం ఇచ్చే ఆసరా

- పిల్లల పోషణ హక్కు తల్లి హక్కుకు వేరు. విడాకుల చట్టంలోని రెండేళ్ళ గడువు పిల్లల స్వతంత్ర హక్కును హరించదని సుప్రీం కోర్టు నూర్ సబా ఖాతూన్ కేసులో 1997లో తేల్చింది. నాటి సి.ఆర్.పి.సి. 125వ సెక్షన్ స్థానంలో ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ ఉంది.
- 2019 చట్టం ప్రకారం ఒకేసారి చెప్పే మూడు తలాఖ్‌లు చెల్లవు. అలా తలాఖ్ చెప్పబడిన స్త్రీ తనకూ పిల్లలకూ జీవనభృతి కోరవచ్చు. మైనర్ పిల్లల సంరక్షణనూ కోరవచ్చు.
- విద్యాహక్కు చట్టం 2009, 5వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారే పిల్లవాడికి టీసీ ఆలస్యమైందని ప్రవేశం నిరాకరించరాదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎన్నో నెలల చదువు మిగులుతుంది.
- స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098.

మనం చేయవలసింది

తల్లిదండ్రులారా, ఒకరి మీద ఒకరికున్న కోపాన్ని పిల్లల చేత మోయించకండి. "మీ అబ్బాతో ఫీజు తెమ్మని చెప్పు" అని బిడ్డను వార్తాహరుణ్ణి చేయకండి. ఆ మాట మీరే చెప్పండి, లేదా పెద్దల చేత చెప్పించండి. 'ఇందులో నీ తప్పేమీ లేదు' అని బిడ్డకు ఒకసారి కాదు, పదిసార్లు చెప్పండి. దాదీ, నానీ ఇళ్ళలో కూడా అవతలి వారిని బిడ్డ ముందు తిట్టకండి. బిడ్డకు ఆ ఇద్దరూ కావాలి.

ఉపాధ్యాయ మిత్రులారా, హఠాత్తుగా మార్కులు పడిపోయిన పిల్లవాణ్ణి తరగతి ముందు నిలబెట్టి అడగకండి. విడిగా పిలిచి, అన్నం తిన్నావా అని మొదలుపెట్టండి.

జమాఅత్ పెద్దలారా, తలాఖ్, ఖులా పంచాయతీల్లో మెహర్, జహేజ్ సామాన్లు వస్తువు వస్తువుగా రాసుకుంటాం. పిల్లల చదువుకు ఒక్క పంక్తి ఉండదు. ఇకనుంచి అదే కాగితంలో నాలుగు మాటలు రాయిద్దాం: నెలనెలా ఎంత, ఏ తేదీలోగా, ఏడాది పూర్తయ్యేదాకా బడి మార్చరాదు, బడి కాగితాల మీద ఎవరు సంతకం చేయాలి, అవతలి వారిని బిడ్డ ఏ రోజుల్లో కలవాలి.

సంస్థలు నడిపేవారికి చివరి మనవి. షరీఅత్ పరిభాషలో తండ్రి ఉన్న బిడ్డ యతీమ్ కాదు, నిజమే. కానీ ఆ ఇల్లు పేదదైతే తౌబా సూరా చెప్పిన ఎనిమిది వర్గాల్లో ఫుఖరా, మసాకీన్ కింద జకాత్‌కు అర్హమైనదే. కాబట్టి ఫారంలో 'తండ్రి సంతకం' అన్నచోట 'తల్లి లేదా సంరక్షకుల సంతకం' అని మారుద్దాం. దీనికి పైసా ఖర్చు లేదు.

ఆ అమ్మాయి మళ్ళీ మా దగ్గరకు రాలేదు. వచ్చే జూన్‌లో మరో బిడ్డ అలాంటి ఫారమే పట్టుకుని వస్తుంది. ఈసారి ఆ గడి ఆమెను వెనక్కి పంపకూడదు. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.