బొమ్మల పుస్తకమే ఆయన మాట

మనలో చాలామందికి రెండు మూడేళ్లకోసారి బడి మారుతుంది. అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు రాగానే సామాన్లు పెట్టెల్లోకి ఎక్కుతాయి. కొత్త ఊళ్లో మొదటి వారం వాళ్ల మాట మనకు అర్థం కాదు, మన మాట వాళ్లకు అర్థం కాదు. చెప్పాలనుకున్నది చెప్పలేక వెనక బెంచీలో కూర్చుంటాం. జీవితమంతా ఇలాంటి ఇబ్బందితోనే గడిపిన ఒకాయన గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆయన పేరు హెన్రీ లాప్. 1862లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, లాంకాస్టర్ ప్రాంతంలో, ఒక అమిష్ కుటుంబంలో పుట్టారు. ఆయనకు చెవులు సరిగా వినిపించేవి కావు. మాట కూడా స్పష్టంగా వచ్చేది కాదు.

అమిష్‌లు ఎవరు? 16వ శతాబ్దంలో యూరప్‌లో కొందరు క్రైస్తవులు, బాప్తిస్మం పసితనంలో కాక, తెలిసిన వయసులో ఇష్టపడి తీసుకోవాలన్నారు. ఆయుధం పట్టబోమన్నారు. అందుకు పాలకులు వారిని హింసించారు. వారిలో మెన్నో సైమన్స్ అనే గురువు పేరు మీద మెన్నొనైట్లు అనే పేరు వచ్చింది. ఆ సంఘాల నుంచే 1693లో అమిష్‌లు వేరుపడ్డారు. ఉభయులకూ వ్యవసాయం, నిరాడంబరత, ప్రార్థన ముఖ్యం. మెన్నొనైట్లు మనకు మరీ కొత్తవాళ్లేం కాదు. 19వ శతాబ్దం చివర వారి మిషనరీలు నల్లగొండ ప్రాంతానికి వచ్చారు. తెలంగాణలో వారి సంఘాలు నేటికీ ఉన్నాయి.

అమిష్‌ల పల్లెల్లో ఒకరి ధాన్యపు కొట్టం కాలిపోతే ఊరంతా కలిసి కొత్తది కట్టిస్తుంది. ఆరాధన కూడా గుడిలో కాదు, వంతులవారీగా ఒక్కొక్కరి ఇంట్లో జరుగుతుంది. అలాంటి చోట ఎవరి చేతికి వచ్చిన పని వారు చేస్తారు. హెన్రీ చేతికి వచ్చింది వడ్రంగం.

అయితే కొనేవారికి బల్ల ఎలా ఉంటుందో, పెట్టెకు ఎన్ని అరలుంటాయో చెప్పడం ఎలా? ఆయన ఒక చిన్న పుస్తకంలో తాను చేయగల వస్తువులన్నిటినీ నీటిరంగులతో గీసుకున్నారు. బీరువాలు, పెట్టెలు, సొరుగులున్న బల్లలు అందులో ఉన్నాయి. కొనేవారు బొమ్మ చూపిస్తే సరిపోయేది. నోటితో బేరం కుదరని చోట బొమ్మతో కుదిరింది.

హెన్రీ 1904లో, నలభై రెండేళ్లయినా నిండకుండానే కన్నుమూశారు. ఆ చిన్న పుస్తకం ఇప్పుడు ఫిలడెల్ఫియా కళా ప్రదర్శనశాలలో ఉంది. ఆయన దాన్ని కళాఖండమని గీయలేదు, పని జరగడానికి గీశారు.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. హెన్రీ చెవులు బాగుపడలేదు. మారింది మాట్లాడే పద్ధతి. బొమ్మ గీయడం ఆయన వంతు, ఓపికగా చూసి వేలు పెట్టి చూపడం ఎదుటివారి వంతు. ఆ రెండో వంతు లేకపోతే పుస్తకం ఉండీ లాభం లేదు. మన దేశంలో 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం కూడా ఈ రెండో వంతునే గుర్తుచేస్తుంది. ర్యాంపు, పెద్ద అక్షరాల పుస్తకం, సైగల భాష వంటివి దయతో ఇచ్చేవి కావు, ఇవ్వవలసినవి.

వచ్చే నెల మన తరగతికి కొత్తగా ఒకరు రావచ్చు. వారికి మన భాష రాకపోవచ్చు, వినిపించకపోవచ్చు. అప్పుడు పక్కన చోటిచ్చి, ఒక కాగితం, పెన్సిలు ముందుకు జరుపుదాం.

ఆలోచించండి: మాట లేకుండా మీ బడికి దారి ఎలా చూపిస్తారు? బొమ్మ గీసి పక్కవారికి ఇవ్వండి.