ఈనబోయే గొర్రెను నడుం పట్టి చూడండి

తొలకరికి పొట్టేలు దాటిన గొర్రెలు కార్తీకం, మార్గశిరాల్లో ఈనుతాయి. చూలు అయిదు నెలలు, అంటే సుమారు 150 రోజులు. కడుపులో పిల్ల మూడింట రెండొంతులు పెరిగేది చివరి ఆరు వారాల్లోనే. కనుక ఈతకు నెలన్నర ముందే, పొద్దున మేపుకు తోలకముందు, చూడి గొర్రెలను ఒక్కొక్కటిగా పట్టి చూసుకోవాలి.

సంతలో పొట్టేలును కొనేటప్పుడు నడుం నొక్కి చూడనివారు ఉండరు. ఇంట్లో చూడి గొర్రెను మాత్రం పొట్ట చూసి బాగుందనుకుంటాం. ఆ పొట్ట పిల్లది కావచ్చు, మేతది కావచ్చు. దక్కనీ గొర్రెకైతే ఉన్ని కూడా కప్పేస్తుంది. చివరి పక్కటెముక వెనుక, నడుం మీద చెయ్యి వేసి నొక్కండి. వెన్నెముక రంపపు పళ్లలా గుచ్చుకుని, పక్క ఎముకల కిందకు వేళ్లు సులువుగా దూరితే గొర్రె చిక్కినట్టు. కాస్త నొక్కితే ఎముక నున్నగా తగలాలి. ఎంత నొక్కినా తగలకపోతే కొవ్వు పట్టింది. పశువైద్యులు దీనికి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. ఈనే గొర్రెకు 3 దగ్గర ఉంటే మేలు.

చిక్కినవాటికి రంగు చుక్క పెట్టి వేరు చేయండి. మేపు కాక రోజుకు పావుకిలో దాణా, వేరుశనగ కట్టె, సుబాబుల్ రొట్ట ఇవ్వండి. దాణా ఒక్కసారే కుమ్మరిస్తే అరగదు, వారంలో కొద్దికొద్దిగా పెంచాలి.

బలిసిందని ఇప్పుడు కడుపు మాడ్చకండి. ఇక్కడే చాలామంది గొర్రెను పోగొట్టుకుంటారు. కవలలున్న గొర్రెకు మేత తగ్గితే ఒంట్లో కొవ్వు వేగంగా కరిగి, రక్తంలో విషంలా చేరుతుంది. మందకు వెనకబడటం, మేత ముట్టకపోవడం, పళ్లు కొరకడం, చూపు లేనట్టు నిలబడటం దీని గుర్తులు. ఆ రోజే డాక్టరును పిలవాలి. కింద పడిపోయాక బతికించడం కష్టం.

కింది రెప్ప తిప్పి చూడండి. ఎర్రగా ఉంటే సరే. తెల్లగా పాలిపోయినా, దవడ కింద నీరు దిగినా నట్టలు రక్తం పీలుస్తున్నాయేమో అనుమానించాలి. మందు డాక్టరు చెప్పిందే తాగించండి. ఆల్బెండజోల్ చూలు మొదటి నెలన్నరలో ఇవ్వకూడదు. చిటుక రోగం టీకా ఈతకు మూడు నాలుగు వారాల ముందు వేయిస్తే ముర్రుపాల ద్వారా పిల్లలకూ రక్షణ.

పొదుగు గట్టిపడిందా, గిట్టలు కుంటుతున్నాయా అన్నదీ అప్పుడే చూసుకోవచ్చు. ఏ గొర్రెయినా ఈడ్చుకుపోతే ఆ పిల్లను, మావిని వట్టి చేతులతో ముట్టకండి, కుక్కలకు వేయకండి. కొన్ని ఈసుడు రోగాలు మనుషులకూ సోకుతాయి. లోతుగా పూడ్చి సున్నం చల్లి, ఆ గొర్రెను మందకు దూరంగా కట్టి ఆసుపత్రికి కబురు చేయండి.