తీగయు పూసయు



తీరిక వేళలయందు రాగితీగతో పూసల నగలు చేయుట నేర్వవలెనని యున్నదనియు, అందులకు ఎట్టి పూసలు కొనవలెనో తెలుపవలసినదనియు నీవు వ్రాసిన జాబు చూచి మిక్కిలి సంతసించితిని. పూసల సంగతి చెప్పకమునుపు నీ మనస్సున నాటవలసిన మాట యొకటి కలదు. పూసయందలి సౌందర్యము దానిని చేసినవానిది. ఆ పూసను మరియొక పూసతో కలుపు చిన్న చుట్టు మాత్రమే నీది. నగ తెగక నిలుచుటయు, ధరించినవారికి గ్రుచ్చుకొనక సుఖమిచ్చుటయు ఆ చుట్టునందే యున్నవి కావున, నీ శ్రద్ధ యంతయు మొదట దానిమీదనే నిలుపుము.

పూస వెనుక ఎంతటి శ్రమ యున్నదో తెలిసికొన్నచో ఈ మాట నీకు మరింత స్పష్టపడును. శ్రీకాళహస్తి చేరువనున్న పాపానాయుడుపేటలో గాజుపూసలు చేయు పనివారు కరగిన గాజుముద్దను ఇనుపగొట్టమునకు పట్టించి, కొలిమి వేడిమి యారకముందే, నడుమ బోలుగానుండు సన్నని పొడవాటి నాళముగా దానిని లాగుదురు. చల్లారిన పిమ్మట చిన్నచిన్న ముక్కలుగా త్రుంచి, బూడిదతో కలిపి మరల కాచి అంచుల పదును పోగొట్టుదురు. 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వించిన పుదుచ్చేరి చెంతనున్న అరికమేడు, ఇట్లు లాగిన గాజుతో చేసిన ప్రాచీనపు పూసలకు ప్రసిద్ధి కెక్కినది. ఇంతటి పరంపర గల వస్తువును అరకొర చుట్టుతో వ్రేలాడదీయుట తగదు. ఇక తీగ యొక్కటియే ఎంతటి కళ కాగలదో కరీంనగరపు వెండి పనిని చూచి గ్రహింపవచ్చును. అచ్చటి శిల్పులు సన్నని వెండితీగలను మెలిపెట్టి, అదిమి, చట్రములలో నింపి లతలను, పుష్పములను కల్పింతురు.

తీగను కొనుటలో మెలకువ కావలెను. కమ్మెచ్చు, అనగా తీగ లాగు పలక, రంధ్రములగుండ తీగను ఎన్నిమారులు లాగిరో దానినిబట్టి పూర్వము లెక్క యేర్పడినందున, గేజి సంఖ్య పెరిగినకొలది తీగ సన్నమగును. ఆంగ్లేయుల గేజియు అమెరికావారి గేజియు ఒక్కటి కావు గనుక, అంగడిలో మిల్లీమీటర్లు చెప్పి యడుగుట మేలు. అభ్యాసమునకు 0.8 మి.మీ. మెత్తని రాగితీగ చాలును. కొక్కెములకు 1 మి.మీ. తీగ తగును, ముత్యముల రంధ్రము మిక్కిలి సన్నము గనుక వానికి సాధారణముగా 0.5 మి.మీ. తీగయో, అంతకన్న సన్ననిదో కావలసియుండును. పూసలలో 6 మి.మీ. గాజుపూసలతో నారంభింపుము, అవి చేతికి చక్కగా నందును, వెల తక్కువ. గుండ్రని మొనల పట్టకారు ఒకటి, చదును మొనలది ఒకటి, తీగ త్రుంచు కటింగు ప్లేయరు, సన్నని ఆకురాయి, చిన్న సుత్తి, డాకలి, ఇవి యుండిన చాలును.

లోహమునకొక స్వభావము కలదు. వంచిన ప్రతిపర్యాయమును దాని యంతర్నిర్మాణము చెదరి బిరుసెక్కును. ఒకేచోట అటునిటు పలుమారులు వంచినచో పెళుసై తెగును. అందుచేత వంపు ఎచ్చటనో, ఎంతయో ముందుగా మనస్సున నిశ్చయించుకొని ఒక్కసారిగా వంచుము. ఆ బిరుసుదనమే మరియొకచోట మేలుచేయును: వంపు తిరిగిన కొక్కెమును డాకలిపై నుంచి సుత్తితో మెల్లగా తట్టినచో అది గట్టిపడి, బరువునకు సాగక నిలుచును.

చుట్టు చేయు విధానమిది. తీగకు పూసను గ్రుచ్చి, పూసను ఆనుకొని తీగను లంబముగా వంచి, సుమారు ఒక సెంటీమీటరు విడిచి త్రుంచుము. త్రుంచునపుడు తునక కంటికెగయకుండ రెండవ చేతితో దానిని పట్టుకొనవలెను. పిదప తీగ కొనను గుండ్రని పట్టకారుతో పట్టి, వంచిన దిక్కునకు ఎదురుగా మణికట్టును త్రిప్పుచు, చుట్టు మూతపడువరకు చుట్టుము. పట్టకారు మొన సన్నము, మొదలు లావు అగుటచే, పట్టిన చోటు మారినచో చుట్టు పరిమాణమును మారును. కాన పట్టవలసిన చోట సిరాతో గీత పెట్టుకొనుము. చుట్టును తెరువవలసినపుడు కొనను ప్రక్కకు త్రిప్పవలెనే కాని వెలుపలికి లాగరాదు. లాగినచో గుండ్రదనము చెడి మరల సరిపడదు. బరువైన పూసలకు మాత్రము మూడు నాలుగు సెంటీమీటర్లు విడిచి, చుట్టు క్రింది మెడకు రెండు మూడు వరుసలు బిగియ చుట్టి, మిగిలిన కొనను లోనికదిమి ఆకురాయితో నునుపుచేయుము. నగను నూలుగుడ్డపై నీడ్చి చూడుము. ఒక్క పోగు తగులుకొన్నను పని ముగియలేదని యెంచుము.

చెవికి తగులు తీగ విషయమున లోభము వలదు. చౌక మిశ్రలోహములలోని నికెలు కొందరి చర్మమునకు దద్దురు పుట్టించును గనుక, నూటికి 92.5 వంతుల వెండి గల తీగ వాడుట క్షేమము. నల్లబడిన రాగిని చింతపండుతో తోమవచ్చును. కాని ముత్యములును, పగడములును కూర్చిన నగకు పులుపు సోకనీయకుము, ఆమ్లము వాని పైపొరను తినివేయును.

తొలుత పూసలు లేకయే, ఒకదానితో నొకటి సరిపోలువరకు చుట్లు చేయుము. ఆ పిదప ఒక లోలాకుల జత చేయుము. ఒకటి చేయుట సులభము, దానికి జోడు చేయుటలోనే చేతి నిలుకడ తేటపడును. ఆ జతను నీ తల్లికిచ్చి, పండుగనాడు ఉదయమునుండి రాత్రివరకు పెట్టుకొనుమని యడుగుము. ఎచ్చట గ్రుచ్చుకొన్నదో, ఏ కొక్కెము జారినదో, ఏది బరువనిపించినదో ఆమె చెప్పుమాటలను శ్రద్ధగా వినుము. వానినిబట్టి రెండవ జత చేయుము.

ఇట్లు,
ఆశీస్సులతో,
పెద్దమ్మ