‘సి.వి.ఏ.’ అంటే రోడ్డు ప్రమాదం కాదు

ఆళ్లగడ్డ నుంచి ఒక పెద్దాయనను నంద్యాల ఆస్పత్రికి తీసుకువెళ్లారనుకోండి. మూతి ఒక పక్కకు పోయింది, కుడిచెయ్యి లేవడం లేదు. డాక్టరుగారు చీటీ మీద ‘సి.వి.ఏ.’ అని రాశారు. అంటే సెరిబ్రోవాస్క్యులర్ యాక్సిడెంట్. ‘తాత మంచం దిగనే లేదు, యాక్సిడెంట్ ఎక్కడయింది?’ అని మనవడు తెల్లబోతాడు.

పదాన్ని విడగొట్టి చూడండి. లాటిన్‌లో ‘సెరిబ్రమ్’ అంటే మెదడు. ‘వాస్క్యులమ్’ అంటే చిన్న పాత్ర, ఇక్కడ రక్తనాళం. కాబట్టి సెరిబ్రోవాస్క్యులర్ అంటే ‘మెదడు రక్తనాళాలకు చెందిన’ అని మాత్రమే. అది జబ్బు పేరు కాదు. హఠాత్తుగా వచ్చిపడే ఆపద గనుక ‘యాక్సిడెంట్’ చేర్చారు. ఈ మాట తికమకపెడుతుందని ఇప్పుడు ‘స్ట్రోక్’ అనడమే ఎక్కువ. మన ‘పక్షవాతం’ నిజానికి దాని ఫలితం. పక్షం అంటే ఒక పక్క. మెదడు ఎడమభాగం కుడి అవయవాలను ఆడిస్తుంది గనుక, పెద్దాయనకు దెబ్బ తగిలింది ఎడమవైపు మెదడుకు.

నంద్యాల వైపు పిల్లలకు కె.సి. కెనాల్ తెలియనిది కాదు. కాలువకు అడ్డుపడితే కింది మడి ఎండుతుంది. గట్టుకు గండిపడితే ఒక పొలం మునుగుతుంది, కిందికి నీరూ అందదు. మెదడులోనూ ఇంతే. రక్తపు గడ్డ అడ్డుపడవచ్చు, లేదా నాళం చిట్లవచ్చు. మొదటిదే ఎక్కువ. మెదడు అడుగున ధమనులు వలయంగా కలిసి ఉంటాయి. 1664లో దాన్ని వివరించిన ఇంగ్లీషు వైద్యుడు థామస్ విల్లిస్ పేరే దానికి పెట్టారు. ఒక దారి మూసుకుంటే కొంతవరకు మరో దారిన రక్తం అందుతుంది. వలయం దాటిన చిన్న నాళాలకు ఆ సదుపాయం తక్కువ.

పోలిక ఇక్కడితో సరి. వరిమడి కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. రక్తం పూర్తిగా ఆగితే మెదడు కణాలు ఓర్చుకునేది కొన్ని నిమిషాలే! శరీరం బరువులో మెదడు 2 శాతమే అయినా, శరీరం వాడుకునే ప్రాణవాయువులో 20 శాతం దానికే కావాలి.

గడ్డను కరిగించే ఇంజెక్షను ఉంది. సాధారణంగా 4.5 గంటల లోపే ఇవ్వాలి. ముందు సి.టి. స్కాన్ తీయాలి, ఎందుకంటే నాళం చిట్లినవారికి ఆ మందే ప్రమాదం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఇంట్లో యాస్పిరిన్ బిళ్ల వేయకూడదు. నోట్లో నీళ్లూ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు, గంట ప్రయాణం. మిగతా గంటలు ఎక్కడ పోతాయి? ‘గాలి సోకింది, తెల్లారాక చూద్దాం’ అనడంలో, పావురం రక్తం పూయడంలో!

అనుమానం వస్తే నవ్వమనండి, రెండు చేతులూ ఎత్తమనండి, ఒక వాక్యం చెప్పమనండి. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా 108కి ఫోన్ చేయించండి. ఆయన బాగుండగా చివరిసారి ఎన్ని గంటలకు చూశారో కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. డాక్టరుగారు ముందుగా అడిగే ప్రశ్నల్లో అదొకటి.