పొలం తెలిసిన చిత్రకారుడు – జాన్ కాన్‌స్టబుల్

పొలాలు, తోపులు, ఏటిగట్లు చిత్రించే కళను లాండ్‌స్కేప్ అంటారు. మా సైన్సు విద్యార్థులలో చాలామంది ఇది తమకు సంబంధించిన విషయం కాదనుకుంటారు. నాలాంటి రైతుబిడ్డలకు మరో అనుమానం కూడా ఉంది. పొలం దారిన పోయేవాడికి అందం, దిగి పనిచేసేవాడికి చాకిరీ. మరి ఆ బొమ్మల్లో నిజమెంత? ఈ రెండింటికీ ఇంగ్లండు చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ (1776–1837) దగ్గర కొంత సమాధానం దొరుకుతుంది.

ఆయన సఫక్ ప్రాంతంలోని ఈస్ట్ బెర్గోల్ట్ గ్రామంలో జన్మించాడు. తండ్రి ధాన్యం వర్తకుడు, పిండిమరల యజమాని. కుర్రతనంలో కాన్‌స్టబుల్ దాదాపు ఏడాదిపాటు ఆ మరల్లో పనిచేశాడు. గాలిమర నడిపేవాడు గాలివాటం, మబ్బు తీరు కనిపెట్టకపోతే పని సాగదు. ఆకాశాన్ని చూడడం ఆయనకు అక్కడే అలవడింది. ఇతరులు గీసిన మరల మాట ఎలా ఉన్నా, జాన్ గీసిన మర మాత్రం తిరుగుతుందని ఆయన తమ్ముడు అనేవాడట!

1821, 1822 సంవత్సరాలలో లండను దగ్గరి హాంప్‌స్టెడ్‌లో ఆయన మబ్బులనే పదేపదే చిత్రించాడు. 1822లోనే యాభై దాకా వేశాడు. చాలావాటి వెనుక తేదీ, వేళ, గాలి దిక్కు రాసిపెట్టాడు. మన లాబొరేటరీ రికార్డు ఇంతకన్న ఏమిటి? ల్యూక్ హోవర్డ్ 1802లో మబ్బులను సిరస్, క్యుములస్, స్ట్రేటస్ అని విభజించాడు. దాన్ని వివరించిన ఫార్‌స్టర్ గ్రంథాన్ని కాన్‌స్టబుల్ చదివి, అంచుల్లో వ్యాఖ్యలు రాసుకున్నాడు. 1826లో ‘ది కార్న్‌ఫీల్డ్’ వేసేటప్పుడు, జూలైలో ఏ మొక్కలు పూస్తాయో వృక్షశాస్త్రజ్ఞుడు హెన్రీ ఫిలిప్స్ ఆయనకు రాసి పంపాడు. చిత్రకళ కూడా శాస్త్రమేననీ, చిత్రాలు దాని ప్రయోగాలనీ 1836లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఉపన్యాసాలలో వాదించాడు.

ఇక రెండో ప్రశ్న. ఆయన ప్రసిద్ధ చిత్రం ‘ది హే వెయిన్’ (1821). 1824లో పారిస్‌లో బంగారు పతకం పొందింది. అందులో ఏటి నీళ్ళలో గుర్రాల బండి ఆగి ఉంటుంది. గడ్డి కోతవాళ్ళు దూరాన చుక్కల్లా కనిపిస్తారు. 1822లో అదే సఫక్‌లో కూలీలు ఆగ్రహించి నూర్పిడి యంత్రాలు పగలగొట్టారు. మంటలు కనిపించని రాత్రి లేదని తమ్ముడు చెప్పిన సంగతి కాన్‌స్టబుల్ ఒక మిత్రుడికి ఉత్తరంలో రాశాడు. ఆ మంటలు ఆయన పొలాల బొమ్మల్లోకి రాలేదు. మబ్బును చూసినంత దగ్గరగా ఆయన కూలిమనిషిని చూడలేదనే నా అభిప్రాయం.

మిత్రులారా! మబ్బు చూసి వాన చెప్పే పెద్దలు మన ఊళ్ళలో ఉన్నారు. ఆ చూపే శాస్త్రానికీ, కళకూ పునాది. చెట్టు గీసేవాడు ఆకుల అమరిక ఏకాంతరమో, అభిముఖమో గమనించాలి. చేను గీసేవాడు అందులో వంగిన నడుమును కూడా గమనించాలి. కాన్‌స్టబుల్ మొదటిది నేర్పాడు. రెండోది మన ఊరి పొలాలు ఎరిగిన మనమే చేయాలి.