డిశ్చార్జి తర్వాత మీటింగు ఎక్కడ? తాగుడు మానుతున్నవారి కుటుంబాలకు

డిశ్చార్జి రోజున మా వార్డులో తప్పకుండా వినిపించే ప్రశ్న ఒకటుంది. “సిస్టరమ్మా, ఈయన మళ్ళీ తాగకుండా ఏదైనా మందు ఉందా?” మందులు ఉన్నాయి. డాక్టరుగారు రాస్తారు. అయితే వాటిలో డైసల్ఫిరామ్ అనే బిళ్ళను మనిషికి చెప్పకుండా కూరలో కలిపి పెట్టవద్దు. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బి.పి. పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పైగా, తెలిసిన రోజున ఆయన మీ చేతి అన్నం నమ్మడు. తెలిసి, ఒప్పుకుని వేసుకునే బిళ్ళ అది.

మందుతోపాటు కావలసింది తోడు. తాగి, మానేసిన మనుషుల తోడు. ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఎ.ఎ., మీటింగులు ఇందుకే ఉన్నాయి. ఇది మొదలైన తీరు మీకు ధైర్యం ఇస్తుందని చెబుతున్నాను. 1935 మే నెలలో బిల్ అనే అమెరికా షేర్ల వ్యాపారి పని మీద ఆక్రన్ పట్టణానికి వెళ్ళాడు. తాగుడు మాని కొన్ని నెలలే అయింది. పని చెడింది. హోటల్లో ఒకవైపు బారు, ఒకవైపు టెలిఫోను. ఆయన టెలిఫోను దగ్గరికి వెళ్ళి, చర్చిల పట్టిక చూసి పాస్టరుగారికి ఫోన్ చేశాడు. ఆ వరుసలో దొరికిన మనిషి బాబ్ అనే సర్జన్, ఆయనా తాగుబోతే. జూన్ 10న డాక్టర్ బాబ్ చివరిసారి తాగాడు. ఆ రోజునే ఎ.ఎ. పుట్టినరోజుగా లెక్కిస్తారు. మన దేశంలోకి 1957లో వచ్చింది.

మొదట్లో నేను చీటీ మీద ఫోన్ నెంబరు రాసిచ్చి నా పని అయిందనుకునేదాన్ని. ఒక లారీ డ్రైవరు మూడు నెలలకే కామెర్లతో తిరిగి వచ్చాడు. చీటీ ఆయన భార్య కొంగు ముడిలోనే ఉంది. “నెంబరు ఇచ్చిండ్రు గాని, ఫోన్ చేసి ఏమనాల్నో చెప్పలే సిస్టర్” అంది. తప్పు నాదే. కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

ఫోన్‌లో ఇలా అడగండి: “మాది నాగారం. తెలుగులో జరిగే మీటింగు మాకు దగ్గరలో ఎక్కడుంది? ఏ రోజు, ఎన్ని గంటలకు? అది ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా?” ఓపెన్ మీటింగుకు ఇంటివాళ్ళూ వెళ్ళవచ్చు. క్లోజ్డ్ మీటింగు తాగుడు మానాలనుకునేవారికి మాత్రమే. చోటు, వేళ మారుతుంటాయి కాబట్టి బయలుదేరే రోజున మళ్ళీ అడగండి. నాగారంలోనే దొరకకపోతే ఇ.సి.ఐ.ఎల్. వైపు, సికింద్రాబాద్ వైపు అడగండి. తిరుగు బస్సు వేళ కూడా ముందే చూసుకోవాలి. ఆలస్యమై స్టాపులో నిలబడితే ఎదురుగా వైన్ షాపే కనబడుతుంది.

నెంబరు లేకపోతే ప్రభుత్వ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, డబ్బు పడదు. మనసు బాగాలేనప్పుడు టెలి మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు.

మీటింగు చాలాసార్లు చర్చి గదిలోనో, బడి గదిలోనో జరుగుతుంది. “మేము హిందువులం, రానిస్తారా?” అని అడుగుతారు. గది అద్దెకు తీసుకున్నదే, ఎ.ఎ. ఏ మతానికీ చెందదు. ఫీజు లేదు, ఇష్టమైతే చివర్లో కొంత వేస్తారు. ఇంటిపేరు, ఉద్యోగం అడగరు. మొదటి రోజు మాట్లాడకుండా కూర్చున్నా సరే. నచ్చకపోతే ఇంకొక గ్రూపుకు వెళ్ళి చూడండి.

ఆయన రానంటే? మీరు వెళ్ళండి. కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ ఉంది. సీసాలు వెతకడం, పారబోయడం, పనికి జ్వరమని అబద్ధం చెప్పడం, ఇవన్నీ చేసి అలసిపోయిన అమ్మలు, అక్కలు అక్కడ ఉంటారు. ఆయన తాగుడు మీ వల్ల రాలేదని అక్కడ విన్నాక ఏడ్చినవారిని నాకు తెలుసు.

ఒక హెచ్చరిక. రోజూ ఎక్కువగా తాగేవారిని “ఇవాళ్టి నుంచి బంద్” అని ఇంట్లో కట్టడి చేయవద్దు. మానిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు రావచ్చు, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనబడి, వినబడి, మనిషి తెలివి తప్పవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇలాంటివారు ఎంతోమంది వచ్చారు. కల్లు కాంపౌండు కల్లు కూడా తేలిక కాదు, కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయజిపామ్ వంటి మత్తుమందులు కలుపుతారు. ఈ లక్షణాలుంటే ముందు ఆసుపత్రి, తర్వాతే మీటింగు.

మొదటి ఫోన్ చేయడానికి భయమైతే డిశ్చార్జికి ముందు రోజే డ్యూటీ సిస్టరుకు చెప్పండి. పక్కన కూర్చుని నెంబరు మేమే కలుపుతాం. మాట్లాడవలసింది మాత్రం ఆయనే.